మూసిన పెదవుల గ్రూప్ ఫొటో

నా దగ్గర 1994 నాటి పదో తరగతి గ్రూప్ ఫొటో ఒకటి ఉంది. వెనక వరుసలో బల్లల మీద నిలబడ్డ మగపిల్లలు, ముందు నేల మీద కూర్చున్న ఆడపిల్లలు, మధ్యలో కుర్చీల్లో మేం ఆరుగురు ఉపాధ్యాయులం. నల్లగొండ నుంచి వచ్చిన ఫొటోగ్రాఫర్ నవ్వమని ఎన్నిసార్లు అడిగినా పిల్లల్లో ఒక్కరు కూడా పళ్లు కనబడేలా నవ్వలేదు. పెదవులు బిగించి కళ్లతో మాత్రం నవ్వారు. ఆ పళ్ల మీద గోధుమ రంగు చారలు, అక్కడక్కడ సుద్దముక్క రంగు మచ్చలు ఉండేవి. ఊళ్లో వాటిని గారపళ్లు అనేవారు. ఎంత తోమినా పోయే గార కాదది. చిగుళ్ల లోపల పన్ను రూపు దిద్దుకుంటున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్లలోపు, తాగిన నీళ్లతో పాటు ఎనామిల్‌లోకి చేరిపోయిన ఫ్లోరైడ్ ఆనవాలు.

నేను నల్లగొండ జిల్లాలోని ఆ ప్రాంతంలో 33 ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. దంతాల పాఠం వచ్చిన రోజున పిల్లలు తల వంచుకునేవారు. ప్రభుత్వం ప్రజల ఆరోగ్యం కోసం ఏం చేయాలన్న చర్చ ఎప్పుడు వచ్చినా మన మాట ఆసుపత్రుల దగ్గర, పడకల దగ్గర, డాక్టర్ల ఖాళీల దగ్గర, ఉచిత ఆపరేషన్ల దగ్గరే తిరుగుతుంది. ఆ మాట అవసరమైనదే. కానీ నా కళ్లెదుట మా జిల్లాను పీడించిన రెండు జబ్బులకు ఏ ఆసుపత్రిలోనూ మందు లేదు, టీకా లేదు. ఒకటి నారికురుపు, రెండోది ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లను, ఎముకలను చెడగొట్టే ఫ్లోరోసిస్. మొదటిది దేశంలోనే లేకుండా పోయింది. రెండోది మా పిల్లల తరంలో వెనక్కి తగ్గింది. ఈ రెండు పనులూ చేసింది ప్రభుత్వమే, అదీ ఆసుపత్రి బయట. అయితే మొదటి జబ్బును తరిమిన తీరులోనే రెండో జబ్బుకు కొంత దారి కూడా పడింది. ఈ చివరి మాటే నన్ను ఇది రాయడానికి కూర్చోబెట్టింది.

మా నాయనమ్మ కుడికాలి మడమ పైన రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ ఉండేది. నారికురుపు పుండు మానిన చోటు అది. మా ఊరి దిగుడు బావికి రాతి మెట్లు ఉండేవి. ఆడవాళ్లు మెట్లు దిగి, పిక్కల లోతు నీళ్లలో నిలబడి బిందె ముంచుకునేవారు. ఆ నీళ్లలో కంటికి ఆననంత చిన్న సైక్లాప్స్ పురుగులు ఉంటాయి. వాటిలో నారిపురుగు పిల్లలు ఉంటే, తాగినవాడి కడుపులో చేరి, ఏడాది పాటు ఒంట్లోనే పెరిగి, దారంలాంటి మూరెడు, రెండు మూరల పురుగై, ఎక్కువగా కాలి దగ్గర చర్మాన్ని చీల్చుకుని బయటికి వస్తాయి. మంటకు తాళలేక ఆ మనిషి కాలు నీళ్లలో పెడితే పురుగు తన పిల్లలను మళ్లీ ఆ నీళ్లలోకే వదులుతుంది. బయటపడ్డ కొసను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా, తెగకుండా, వారాల తరబడి లాగడమే ఏకైక వైద్యం. తెగితే కాలంతా చీము పట్టేది. నాయనమ్మ ఆ ఏడు నాట్లకు పోలేదని, ఇంట్లో గింజలు తక్కువ పడ్డాయని మా నాన్న చెప్పేవాడు.

కేంద్ర ప్రభుత్వం 1983–84లో జాతీయ నారికురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 1984 నాటికి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో దాదాపు 40 వేల మంది రోగులు తేలారు. ఆ తర్వాత జరిగినదంతా చాలా సాదా పని. దిగుడు బావుల మెట్లు మూసి, చుట్టూ గోడ కట్టి, గిలకతో చేదుకునే బావులుగా మార్చారు. నీళ్లను గుడ్డతో వడకట్టుకుని తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. బావుల్లో సైక్లాప్స్‌ను చంపే మందు లెక్క ప్రకారం కలిపారు. పుండు ఉన్న మనిషిని నీళ్లలో దిగనీయకుండా చూశారు. కొత్త రోగి ఉన్నాడని చెప్పినవారికి బహుమానం ఇచ్చారు. చేతిపంపులు వేశారు. 1996 జూలైలో రాజస్థాన్‌లో చివరి రోగి నమోదయ్యాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. నా చివరి ఏళ్ల విద్యార్థులకు ఆ పేరు కూడా తెలియదు. తెలియకపోవడమే ఆ కార్యక్రమం సాధించిన ఫలితం. ఇలాంటి ఫలితానికి ఓట్లు రావు, శిలాఫలకాలు ఉండవు. రాని జబ్బుకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు.

చేతిపంపును మేం బోరింగు అనేవాళ్లం. మా ఊళ్లో బోరింగు వేసిన రోజున కొబ్బరికాయ కొట్టి పసుపు కుంకుమ పెట్టారు. నీళ్లు అద్దంలా తేటగా ఉండేవి. పురుగు లేదు, నాచు లేదు, వాసన లేదు. కలరా భయం, నారికురుపు భయం రెండూ తీరాయి. దాన్ని నేను ఇప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ తేటనీళ్లలో ఏం కరిగి ఉందో చూడడానికి మా ఊరికి ఎవరూ రాలేదు. నల్లగొండ నేల కింద ఉన్నవి గ్రానైటు, నైస్ అనే గట్టి రాళ్లు. ఆ రాళ్లలోని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వానలు తక్కువైన చోట నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలవ ఉంటుంది. క్షార గుణం ఎక్కువై, కాల్షియం తక్కువైన ఆ నీళ్లలో ఫ్లోరైడ్ బాగా కరుగుతుంది. ఊట బావులు ఎండిపోయే కొద్దీ బోర్లు లోతుకు దిగాయి, లోతుకు దిగే కొద్దీ రాతితో నీటి సావాసం పెరిగింది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉన్న నీళ్లను జనం తరాల పాటు తాగారు. మరగబెడితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై మిగిలిన దానిలో ఇంకా చిక్కబడుతుంది.

ఇదంతా అప్పటికి ఎవరికీ తెలియని సంగతా అంటే కాదు. 1937లోనే షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు శాస్త్రవేత్తలు నాటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. వారు చూసిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు తర్వాత 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. 1955లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద సిద్దిఖీ రాసిన వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఈ ప్రాంతపు పిల్లల్లో మోకాళ్లు ఒకదానికొకటి రాసుకునేలా కాళ్లు వంగిపోతున్న తీరును లాన్సెట్ పత్రికలో వివరించారు. అంటే మా ఊరికి బోరింగు వచ్చేనాటికి ఈ జ్ఞానం నలభై ఏళ్లకు పైబడినది. గ్రంథాలయాల్లో ఉన్న ఆ జ్ఞానం బోరు బండి దగ్గరికి చేరలేదు. ఎన్ని బోర్లు వేశామన్న లెక్క ఉంది, ఏ నీళ్లు ఇచ్చామన్న లెక్క లేదు. నేను బోరింగును తప్పుపట్టడం లేదు. ఒక జబ్బును ఆపే చేయి ఇంకో జబ్బును తేకుండా చూసే కన్ను కూడా ప్రభుత్వానికి ఉండాలంటున్నాను. ఆ కన్ను అంటే నీటి పరీక్ష, దాని ఫలితాన్ని తాగేవాళ్లకు చెప్పడం.

మా పెదనాన్న కొడుకు, నాకు ఎనిమిదేళ్లు పెద్ద. నలభై దాటాక మెడ బిగుసుకోవడం మొదలైంది. ఎవరైనా పిలిస్తే తల తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూస్తాడు. తల వెనక్కి వాలదు కనుక గ్లాసు ఎత్తి తాగలేడు. కూల్‌డ్రింక్ గొట్టం ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. ఒకసారి అన్న నాతో అన్న మాట ఇది: "తమ్మీ, నేను మొగులు చూసి ఎన్నేండ్లాయెనో. మబ్బు పట్టిందా లేదా అని పక్క చెల్కాయన్ని అడిగి తెలుసుకుంటున్న." వ్యవసాయదారుడు ఆకాశం వైపు చూడలేకపోవడం అంటే ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. ఎముకలో ఫ్లోరైడ్ చేరి, కీళ్ల దగ్గర ఎముకలను కలిపే పట్టీలు, కండరాల బంధాలు గట్టిపడిపోయాక దాన్ని వెనక్కి తిప్పే వైద్యం లేదు. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పథకం మా తమ్ముడి ప్రాణం కాపాడింది. గుండె ఆపరేషన్‌కు మేం భూమి అమ్ముకోవలసి వచ్చేది, ఆ పథకం వల్ల ఆ అవసరం తప్పింది. అదే కార్డు అన్న జేబులోనూ ఉంది. ఆయన మెడకు అది చేయగలిగింది ఏమీ లేదు. ఆయనకు అవసరమైన వైద్యం ముప్పై ఏళ్ల ముందు, కుళాయి రూపంలో రావలసి ఉండింది.

కుళాయి రాకముందు ప్రభుత్వం మరో దారి చూపించింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970ల్లో ఒక పద్ధతి తయారుచేసి దానికి మా జిల్లా పేరే పెట్టింది. నల్లగొండ పద్ధతి అంటే ప్రపంచంలో ఫ్లోరైడ్ మీద పనిచేసేవారందరికీ తెలుసు. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి, బాగా తిప్పి, గంటసేపు తేరనిచ్చి, అడుగున దిగిన మడ్డి కదలకుండా పైతేట తీసుకోవాలి. నేను తరగతిలో గాజు జాడీలో చేసి చూపించేవాణ్ని. పిల్లలు కళ్లప్పగించి చూసేవారు. మా ఇంట్లో కూడా ఎనిమిది నెలలు చేశాం. పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును బట్టి, క్షారతను బట్టి మారుతుంది. కొలత తప్పితే నీళ్లు వగరుగా ఉంటాయి, లేదా ఫ్లోరైడ్ పోదు. బోరు మారితే కొలత మారుతుంది. తొమ్మిదో నెలలో నా భార్య, "పత్తికి పోయేటోళ్లు పొద్దున ఐదింటికి బిందె ముందు కూసొని పటిక తిప్పుతరా, మీరే చెప్పుండ్రి" అని అడిగింది. నాకు జవాబు లేదు, మానేశాం. శాస్త్రంగా ఆ పద్ధతి సరైనదే. ఒక నీటి కేంద్రంలో, కొలత తెలిసిన మనిషి చేతిలో అది పనిచేస్తుంది. అందరికంటే ఎక్కువ పని, అందరికంటే తక్కువ తీరిక ఉన్న ఆడమనిషి మీద ప్రతి ఉదయం ఆ భారం వేసి, చేయకపోతే అవగాహన లేదనడం మాత్రం విధానం అనిపించుకోదు.

దీన్ని ఉప్పుతో పోల్చి చూడండి. గొంతువాపు (గాయిటర్) రాకుండా ఉప్పులో అయోడిన్ కలపడం అనే పని కర్మాగారం దగ్గరే జరిగిపోతుంది. ఇంట్లో ఎవరూ ఏమీ గుర్తుపెట్టుకోనక్కరలేదు, పప్పులో ఎప్పటిలా ఉప్పు వేసుకుంటే చాలు. అందులోనూ ప్రభుత్వం తడబడిన సందర్భం ఉంది. అయోడిన్ లేని తిండి ఉప్పు అమ్మకాన్ని 1998లో దేశమంతటా నిషేధించి, 2000లో ఆ నిషేధం ఎత్తేసి, 2006లో మళ్లీ తెచ్చింది. మధ్యలో ఆ ఆరేళ్లు కడుపులో ఉన్న బిడ్డలు ఏ ఉప్పు మీద పెరిగారో ఎవరు చెప్పగలరు? మనుషుల స్వేచ్ఛలో జోక్యం అన్న వాదన అప్పుడు వినబడింది. నేను ఆ వాదనను గౌరవిస్తాను గానీ, నీళ్లు, ఉప్పు, గాలి విషయంలో పేదవాడికి ఎంచుకునే స్వేచ్ఛ మొదటి నుంచీ లేదు. బోరింగు తప్ప మరో నీరు లేని ఊరిలో అన్న ఏం ఎంచుకోగలిగేవాడు?

నీళ్ల కోసం జనం ఊరుకోలేదు. నాగార్జునసాగర్ డ్యాం మా జిల్లా సరిహద్దులోనే కట్టారు. 1967 నుంచి కాలువలు పారాయి. కానీ ఫ్లోరైడ్ ఊళ్లు ఎత్తులో ఉన్నాయి, కృష్ణ కిందనుంచి వెళ్లిపోయింది. ఎత్తిపోస్తే తప్ప రాదు. జలసాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. నేను ఆ ఎన్నికల విధుల్లో ఉన్నాను. దాన్ని మడిచి డబ్బాలో వేయడానికి ముసలివాళ్లు పడ్డ అవస్థ, అయినా "మా నీళ్ల కోసమే కదా సారూ" అంటూ ఓపికగా నిలబడ్డ వరస నేను మరచిపోలేను. అదే ఏడు చట్టం సవరించి లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10 వేల రూపాయలకు పెంచారు. ఎన్నికల నిర్వహణ దృష్ట్యా అది సబబే కావచ్చు. కానీ 480 మంది ఒక్క చోట ఎందుకు నిలబడ్డారన్న ప్రశ్నకు జవాబు రావడానికి చాలా ఎక్కువ కాలం పట్టింది.

తర్వాతి ఏళ్లలో అక్కంపల్లి జలాశయం మీదుగా కృష్ణా నీళ్లు ఒక్కో ఊరికీ పాకుతూ వచ్చాయి. తెలంగాణ ఏర్పడ్డాక మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో, అప్పటికి మా జిల్లాలోనే ఉన్న చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల నదీజలం ఇంటింటికీ నల్లా ద్వారా ఇవ్వాలన్నది లక్ష్యం. 2020లో కేంద్రం చెప్పిన లెక్కల్లో తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాల సంఖ్య సున్నా. అంతకు ఐదేళ్ల ముందు అవి వెయ్యికి దగ్గరగా ఉండేవి. నేను 2019లో పదవీ విరమణ చేశాను. ఆఖరి రెండు మూడేళ్లలో ఆరో తరగతిలో చేరే పిల్లల పళ్లు చూసి వాళ్లది కృష్ణా నీళ్లు ముందు వచ్చిన ఊరో, తర్వాత వచ్చిన ఊరో చెప్పగలిగేవాణ్ని. ముందొచ్చిన ఊళ్ల పిల్లలు నోరారా నవ్వేవారు. ఏ పార్టీ చేసిందన్న వాదులాటలోకి నేను పోను. మూడు నాలుగు ప్రభుత్వాలు, ఎందరో ఇంజినీర్లు, అంతకు మించి ఆ వరసలో నిలబడ్డ జనం కలిసి చేసిన పని అది.

ఇంతటితో పని అయిపోయిందనుకోవడమే నాకున్న భయం. మా ఊళ్లో ఇప్పుడు నల్లా నీళ్లతో అంట్లు తోముతున్నారు, తాగడానికి మాత్రం వీధి చివర ప్లాంటు నుంచి ఇరవై లీటర్ల క్యాన్ కొంటున్నారు. క్లోరిన్ వాసన ఒక కారణం, అప్పుడప్పుడూ బురదరంగు రావడం ఇంకో కారణం. అసలు కారణం నమ్మకం లేకపోవడం. రెండు తరాలు తేటనీళ్లు తాగి మోసపోయినవాళ్లకు నీళ్లు మంచివన్న మాట చాలదు. పైగా ఫిల్టర్ యంత్రం ఫ్లోరైడుతో పాటు ఎముకలకు కావలసిన కాల్షియాన్ని కూడా చాలావరకు తీసేస్తుంది. దాన్ని కూడా ఎవరూ పరీక్షించరు. ఎండాకాలంలో మోటారు కాలిపోయినా, పైపు పగిలినా నాలుగు రోజులు నల్లా రాదు. అప్పుడు ట్యాంకులోకి పాత బోరు నీళ్లే ఎక్కిస్తారు. లెక్కల్లో ఆ ఊరు సున్నాలోనే ఉంటుంది, పసిపిల్ల పన్ను మాత్రం ఆ నాలుగు రోజులనూ తన లెక్కలో వేసుకుంటుంది.

అందుకే నేను కోరేది కొత్త పథకం కాదు. ఉన్న పథకానికి నిర్వహణ డబ్బు, పంపు నడిపే మనిషికి నెలనెలా జీతం, నెలకొక నీటి పరీక్ష, ఆ పరీక్ష ఫలితం పంచాయతీ గోడ మీద అందరికీ కనబడేంత పెద్ద అంకెల్లో. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని చెప్పింది. ఇది చాలా మంచి ఆలోచన. ఖర్చు తక్కువ, పరీక్షించేది తాగే మనిషే. పైప్‌లైన్‌కు పెట్టిన వేల కోట్లను కాపాడేది ఈ చిన్న ఖర్చే. ఇంత డబ్బు ఎక్కడిదని అడిగేవారికి నా ప్రశ్న ఒకటే: నలభైల్లోనే పని చేయలేకపోయిన మా అన్న కూలి, ఆయన్ని చూసుకోవడానికి చదువు మానేసిన ఆయన పెద్ద కూతురి జీవితం, ఇవి ఏ బడ్జెట్ పద్దులో రాస్తున్నారు?

ఇది మా జిల్లా ఒక్కదాని సంగతి కాదు. శ్రీకాకుళం ఉద్దానంలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టూ వేలాది కుటుంబాలను కిడ్నీ జబ్బు తినేస్తోంది. దానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. అయినా వంశధార నీళ్లను హిరమండలం జలాశయం నుంచి అక్కడికి పైపుల ద్వారా తేవడం సరైన పని అని నా అభిప్రాయం. కారణం తేలేదాకా అదే భూగర్భ జలం తాగుతూ ఉండమనడం న్యాయం కాదు. ఇక 1937లో ఫ్లోరోసిస్ మొదట బయటపడ్డ కనిగిరి ప్రాంతం, 1990ల్లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తోంది. శాస్త్రవేత్తలు మొదట వెళ్లిన చోటికి నీళ్లు చివరికి వెళ్లడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

పోయిన ఎండాకాలం ఊరికి వెళ్లినప్పుడు అన్న మనవరాలు నీటి పరీక్ష కిట్ చూపించింది. ఆ అమ్మాయి ఇంటర్ చదువుతోంది. వాళ్లమ్మ శిక్షణ తీసుకున్న ఐదుగురిలో ఒకతె. చిన్న గాజు గొట్టంలో నల్లా నీళ్లు గీత దాకా పోసి, సీసాలోని ఎర్రటి రసాయనం చుక్కలు వేసి ఊపింది. నీళ్లు గులాబీ రంగులో నిలిచాయి. అట్టమీది రంగుల పట్టీ పక్కన పెట్టి చూస్తే ఫ్లోరైడ్ ఒకటి లోపలే ఉంది. తర్వాత నేను అడిగితే మూలనున్న పాత బోరింగు నీళ్లు తెచ్చి పోసింది. చూస్తుండగానే గులాబీ రంగు విరిగి పసుపులోకి తిరిగింది. అన్న మంచం మీద కూర్చుని ఒళ్లంతా ఇటు తిప్పి ఆ రెండు గొట్టాలనూ చాలాసేపు చూశాడు. పంచాయతీ గోడ మీద ఈ అంకె రాశారా అని నేను ఆ అమ్మాయిని అడిగాను. గోడకు గీతలు గీసి, తేదీ, అంకె రాయడానికి గళ్లు కొట్టించారట. చివరిసారి రాసింది నాలుగు నెలల కిందట. కిట్‌లో మందు అయిపోవస్తోందని, కొత్త సీసా కోసం రెండుసార్లు అడిగారని, ఇంకా రాలేదని చెప్పింది.